పచ్చ పెన్సిల్

హార్ట్‌విగ్ గారికి మతి తప్పిందని పెద్దవాళ్లుండే మా రెస్ట్ హోమ్‌లో అందరూ తేల్చేసింది ఒక పెన్ను వల్ల. కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఏదో కాగితం మీద సంతకం పెట్టమని ఆయన చేతికి పచ్చ సిరా పెన్ను ఇచ్చింది. ఎనభై నాలుగేళ్ల ఆ జర్మన్ పెద్దాయన దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి, ఈ రంగుతో సంతకం పెట్టే అధికారం తనకు లేదన్నాడు. ఆవిడ వెంటనే మతిమరుపు పరీక్షకు రాసేసింది.

నాకు మాత్రం నవ్వొచ్చింది. మా నాన్న యెహెజ్కేలు బాపట్ల ఎమ్మార్వో ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు అటెండరు. పచ్చ సిరా అంటే గెజిటెడ్ ఆఫీసరుది. టేబుల్ తుడిచేటప్పుడు కూడా ఆ పెన్నును నాన్న దేవుడి సామానులా రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టేవాడు. దేశం దాటొచ్చి ఈ టౌరంగాలో నర్సునయ్యాను కదా అని అవన్నీ మర్చిపోతానా? మరి మీది ఏ రంగు అని పెద్దాయన్ను అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి బొటనవేలంత ఎర్ర పెన్సిల్ ముక్క తీసి చూపించాడు. వాళ్ల దేశంలో ఫైలు మీద మంత్రి పచ్చతో రాస్తాడట, ఆయన కిందుండే కార్యదర్శి ఎరుపుతో, ఆ కిందివాళ్లు నీలంతో. నా నీలం పెన్ను ఇస్తే మాత్రం చక్కగా సంతకం పెట్టాడు. రిటైరైనవాడు దిగొచ్చు గానీ ఎక్కకూడదట.

ఆ రోజు నుంచి పొద్దున్న మాత్రలు ఇచ్చేటప్పుడల్లా కాస్త కాస్తగా ఆయన ఉద్యోగ చరిత్ర నా చెవిన పడేది. చిన్న ఊళ్లో వకీలు, తర్వాత కౌన్సిలరు, ఆపైన రెండుసార్లు పార్లమెంటు సభ్యుడు. మూడోసారి రెండొందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పార్టీ మంత్రిగారు పిలిచి, పోటీ చేయడానికి వేరేవాళ్లున్నారు, నువ్వు కార్యదర్శిగా వచ్చి నా ఆఫీసు చూసుకో అన్నాడు. ఏడాదికని వెళ్లినవాడు పంతొమ్మిదేళ్లు ఉండిపోయాడు. నలుగురు మంత్రులు మారారు, ఈయన మారలేదు. ఉపన్యాసాలు ఈయనవి, చప్పట్లు వాళ్లవి. ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలోనూ ఓ మూల ఒక చెవి కనిపిస్తుంది. అది తనదేనని గర్వంగా చూపిస్తాడు.

మంత్రి ముందు ఎప్పుడూ మూడు దారులు పెట్టాలట. మొదటిది తెలివితక్కువది, మూడోది అయ్యే పని కాదు. మధ్యది మనకు కావలసింది. మంత్రి మధ్యది ఎంచుకుని తన తెలివికి తానే మురిసిపోతాడు. ఇదేదో బాగుందని మా ఆయన రెజినాల్డ్ మీద వేసి చూశాను. ఏ కూర వండమన్నా ‘నీ ఇష్టం’ అనే మనిషి. కాకరకాయ, చేపల పులుసు, అరగంటలో బిర్యానీ అని మూడు చెప్పాను. మూడూ బాగానే ఉన్నాయి, నీ ఇష్టం అన్నాడు. జర్మన్ మంత్రులు ఎంతో నయం.

హార్ట్‌విగ్ గారికి ఒక్కతే కూతురు, బిర్గిట్. భార్య పోయాక ఆయన్ను ఈ దేశం తెచ్చుకుంది ఆవిడే. రెండేళ్ల కిందట ఎక్కడో దక్షిణం కొసనున్న డునెడిన్ యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే, నాన్నా, నాతో వస్తావా, ఇక్కడే ఉంటావా అని అడిగింది. నీకెలా వీలైతే అలా అన్నాడట ఈయన. ఆవిడ ఒంటరిగా వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే టై కట్టుకుని ఫోను పక్కన కూర్చుంటాడు. టౌరంగాలో ఎండ కాస్తుంటే డునెడిన్‌లో ఎంత చలో నాకు రోజూ చెప్తాడు. మనసెక్కడుందో ఇంకేం చెప్పాలి?

ఈ మార్చిలో బిర్గిట్ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న హోమ్‌లో ఒక గది ఖాళీ అయింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపుతామన్నారు. కూతురు మళ్లీ అడిగింది. ఆలోచించి రాసి పంపుతానని చెప్పి, రెండు రోజులు కూర్చుని ఆఫీసు ఫైలులా ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు టైపు చేసి పంపాడీయన. అందులో మూడు దారులు.

గురువారం బిర్గిట్ నాకు ఫోను చేసింది. చిన్నప్పుడు సెలవులకు ఎక్కడికెళ్దామని అమ్మ అడిగినా ఇలాగే ఫైలు ఇచ్చేవాడట. “నేను ఆయన మంత్రిని కాదు ప్రేమలీలా. రావాలనుంది అని ఒక్కసారి ఆయన నోటితో అంటే చాలు. అనకపోతే రేపు గది వదిలేస్తాను,” అంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. ఊరుకునే రకమైతే నేను ప్రేమలీలను ఎందుకవుతాను? శుక్రవారం డ్యూటీకి వస్తూ మూలనున్న డెయిరీలో ఆగాను. ఇక్కడ చిల్లర కొట్టును అలాగే అంటారు. పిల్లల పెన్సిళ్లలోంచి పచ్చది ఒకటి కొన్నాను.

పదకొండున్నరకు ఆయన గదికెళ్లి ఆయన దగ్గరున్న ఆ తొమ్మిది పేజీల నకలు చదివాను. మధ్య దారి ఏమిటా అని చూస్తే, ఇక్కడే ఉండిపోవడం, ఏడాదికి రెండుసార్లు కూతురు వచ్చి చూసి వెళ్లడం. దాని కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది. నాకు ఒళ్లు మండింది. మీకు కావలసింది ఇదేనా అని అడిగాను. తనకు కావలసింది కాదు, అమ్మాయికి ఇబ్బంది లేనిది అన్నాడు.

“అడగందే అమ్మయినా పెట్టదంటాం మేము,” అన్నాను. “ఇక్కడ కూతురు తనే అడుగుతోంది, అయినా మీరు నోరు తెరవడం లేదు.”

కాగితాల మీద పచ్చ పెన్సిల్ పెట్టాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అది నాది కాదు.”

“ఈ ఒక్క ఫైలుకు మీరే మంత్రి. మీ పైన ఎవరూ లేరు.”

ఆయన తలుపు వంక చూశాడు, నిజంగా ఎవరైనా పైవాడు వస్తాడేమోనన్నట్టు. ఆరో నంబరు గది బెల్లు మోగింది. నాతో డ్యూటీలో ఉన్న జెన్సీ అటు వెళ్లడం చూసి నేను కదల్లేదు. పన్నెండుకు పదిహేను నిమిషాలున్నాయి. చివరికి ఆయన పెన్సిల్ తీసుకున్నాడు. మూడు దారులనూ అడ్డంగా కొట్టేసి, కింద జర్మన్‌లో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. ఏం రాశారని అడిగాను.

“నాకు నా కూతురి దగ్గర ఉండాలని ఉంది.”

ఫొటో తీసి బిర్గిట్‌కు పంపాను. రోజూ పొద్దున్నే నాకు దొరికే కబుర్లు అక్కడితో సరి అని అప్పుడే తట్టింది. పంపించింది నేనే, ఇక ఎవర్ని అంటాను?

నాలుగు నిమిషాలకు ఫోను మోగింది. ఆయన తీసి చెవికి ఆనించుకున్నాడు. అవతల నుంచి బిర్గిట్ జర్మన్లో ఏదో అడిగింది. జవాబు మాత్రం నాకూ అర్థం కావాలనేమో, ఇంగ్లీషులో అన్నాడు.

“అవునమ్మా. పచ్చదే.”

జెన్సీకి సాయం చేయాలని నేను బయటికొచ్చాను. ఆరో నంబరు గదికి వెళ్లే దారిలోనే దుప్పట్ల గది ఉంటుంది. ముందు అందులోకెళ్లి కళ్లు తుడుచుకున్నాను.