సెలూన్ బాబాయ్ చేతులు

సెలూన్ నడుపుకునే మనిషిని తీసుకొచ్చి ఆసుపత్రి మంచం మీద కుదేస్తే ఏం చేస్తాడు? పక్క మంచం వాడికి గడ్డం గీస్తాడు. షుగరు వల్ల మడమ మీద పుండు పడి, ఎంతకీ మానక, మగవాళ్ళ సర్జరీ వార్డులో చేరిన ఆ పెద్దమనిషి అదే చేశాడు. చేరిన మర్నాడే భార్య చేత సామాన్ల పెట్టె తెప్పించుకున్నాడు. వారం తిరక్కుండా వార్డంతా అతన్ని సెలూన్ బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది.

“మాసిన మొహం చూస్తే డాక్టరుకి ఇంకో రెండు ఇంజక్షన్లు రాయాలనిపిస్తుందిరా. నున్నటి మొహం చూస్తే డిశ్చార్జి రాయాలనిపిస్తుంది,” అనేవాడు సబ్బు నురగ పూస్తూ. మూలిగేవాళ్ళు కూడా మూలుగు ఆపి నవ్వేవాళ్ళు.

బ్లేడు విషయంలో మాత్రం అతడు నిప్పు. మనిషికొక కొత్త బ్లేడు, అదీ వాళ్ళ కళ్ళెదుటే కాగితం విప్పి వేయాల్సిందే. కాకపోతే బ్రష్షు ఒకటే, గిన్నె ఒకటే, భుజం మీద తువ్వాలు ఒకటే. ఒక గడ్డానికీ ఇంకో గడ్డానికీ నడుమ, జారిపోతున్న కాలి కట్టును పైకి లాక్కునే చేతులు కూడా ఆ రెండే. ఎవరి కట్టు వాళ్ళు సర్దుకుంటే తప్పేముందని అందరూ అనుకున్నారు, అసలు అనుకుంటే.

హెడ్ సిస్టర్ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఊరుకోవడమేమిటి, లోలోపల సంతోషించింది కూడా. వార్డుబాయ్‌లు చాలక ఆమె కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతోంది. ఉత్త పుణ్యానికి ఒక పని తగ్గుతుంటే ఎవరు కాదంటారు?

బాబాయ్ పక్క మంచంలోకి లారీ డ్రైవరు ఒకడు వచ్చాడు. ముప్ఫై దాటి ఉండవు. గజ్జల్లో హెర్నియా, చిన్న ఆపరేషన్. వచ్చీ రాగానే బాబాయ్‌తో వరస కలిపేశాడు. వాడి భార్య తెచ్చిన అన్నం ఇద్దరూ పంచుకుని తినేవాళ్ళు. కొడుకులు లేని బాబాయ్‌కి వాడంటే ప్రాణమైపోయింది. ఆపరేషన్ ముందు రోజు హెడ్ సిస్టర్ హడావిడిగా వచ్చి, “బాబాయ్, వార్డుబాయ్ రాలేదు. కాస్త ఈ అబ్బాయికి పొట్ట కింద గొరిగి పెట్టవా?” అంది.

“అయ్యో, దానికేం భాగ్యం!” అని బాబాయ్ కట్టు పైకి లాక్కుని, పెట్టె తెరిచాడు. పని పూర్తయ్యేసరికి డ్రైవరు చర్మం అద్దంలా ఉంది. ఒకటి రెండు చోట్ల కనపడీ కనపడనట్టు గీరుకుంది, అంతే.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత కుట్లు ఎర్రబడ్డాయి. చీము పట్టింది. జ్వరం వచ్చింది. ఒక మందు పెట్టారు, తగ్గలేదు. దానికంటే పెద్ద మందు పెట్టారు, తగ్గలేదు. ల్యాబ్ నుంచి వచ్చిన కబురు విని డాక్టరు మొహం మాడిపోయింది. చీములో ఉన్న క్రిమి ఏ మందుకూ లొంగని జాతిదట. మందు పోస్తే చావాల్సింది పోయి, తాగి తేన్చినట్టుందట.

అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వార్డులో అందరి పుండ్లకూ టెస్టులు చేశారు. అదే క్రిమి బాబాయ్ మడమలో దొరికింది. ఆ పూటే అతన్ని చివరి గదిలోకి మార్చి తలుపు వేశారు. సామాన్ల పెట్టె పట్టుకుపోయారు. లోపలికి వచ్చేవాళ్ళు గ్లౌజులు, గౌను వేసుకుని వస్తున్నారు.

“నాకు జ్వరమైనా లేదు కదమ్మా?” అన్నాడు బాబాయ్ హెడ్ సిస్టర్‌తో.

“అదే దాని మాయ బాబాయ్. కొందరి ఒంట్లో ఊరికే కూర్చుంటుంది. నీరసించినవాడికి, కోత పడ్డవాడికి తగిలితే ప్రాణం మీదికి తెస్తుంది.”

కోత అన్న మాట దగ్గర అతడు ఆగిపోయాడు. తన చేతులకేసి చూసుకున్నాడు. “నా నుంచేనా?”

“ఎవరి నుంచి ఎవరికో ఎవరు చెప్పగలరు? మా చేతులున్నాయి, ట్రాలీ ఉంది, కుళాయి ఉంది.” ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “గొరగమన్నది నేనే కదా. ఆ సంగతి బయటికి రానివ్వకు. నీకూ మంచిది కాదు, నాకూ కాదు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు.”

మామూలప్పుడైతే గుండు మాటకి బాబాయ్ పది జోకులు వేసేవాడు. ఇప్పుడు తల ఊపాడు. భయపడ్డాడు, నిజం చెప్పాలంటే.

డ్రైవరును ఐసీయూకి తీసుకుపోయారు. వాడి భార్య రోజూ బాబాయ్ గది గుమ్మంలో నిలబడి కబురు చెప్పేది. అతన్ని ఎందుకు వేరే పెట్టారో ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. “చివరి మందు మొదలుపెట్టారండీ బాబాయ్ గారూ. కిడ్నీలు దెబ్బతింటే తినొచ్చు, ఇంక దారి లేదంటున్నారు. ఆయనేమో మిమ్మల్నే అడుగుతున్నారు. గడ్డం మాసింది, సెలూన్ బాబాయ్‌ని పిలువు అంటున్నారు. ఒక్కసారి రారూ?”

“కాలు కింద పెట్టలేకపోతున్నాను తల్లీ,” అన్నాడు బాబాయ్. ఆమె వెళ్ళాక గోడ వైపు తిరిగి, పిల్లాడిలా ఏడ్చాడు.

మందుకు కిడ్నీలు పోయాయి, క్రిమి పోలేదు. డ్రైవరు మాసిన గడ్డంతోనే పోయాడు.

కొన్నాళ్ళకు బాబాయ్ పుండు చెక్కు కట్టింది. ఇంటికి వెళ్ళమన్నారు. క్రిమి ఒంట్లోంచి పోయిందో లేదో ఇంకా తేలలేదు, మళ్ళీ టెస్టుకి రమ్మన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి భయం లేదనీ, చేతులు కడుక్కుంటే చాలనీ హెడ్ సిస్టర్ చెప్పింది. పెట్టె తిరిగిచ్చింది. పెట్టె తీసుకోవడానికి అతనికి చేతులు రాలేదు, భార్య తీసుకుంది.

ఆవిడ ఆటో కోసం బయటికి వెళ్ళింది. అతడు ఆవరణలో బల్ల మీద కూర్చున్నాడు. డ్రైవరు బట్టల సంచీ తీసుకోవడానికి వచ్చిన వాడి భార్య అక్కడే ఎదురుపడింది. వెంట వాళ్ళ పాప, కళ్ళలోకి పడుతున్న జుట్టుతో.

“మీరైనా బాగయ్యారు, అదే చాలు,” అంది ఆమె. “ఆ నాలుగు రోజులూ మీ వల్లే నవ్వారండీ ఆయన. దీని జుట్టు చూడండి, కళ్ళలో పడిపోతోంది. మీ చేత్తో కాస్త కత్తిరించి పెట్టండి. వెళ్ళమ్మా, తాత దగ్గరికి.”

పాప వచ్చి అతని మోకాలి మీద చెయ్యి వేసి తల వంచింది. అతడు రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు.

“వద్దు తల్లీ. నావల్ల కాదు.”

“ఆయన పోగానే మేం పరాయివాళ్ళమైపోయామా?” అంది ఆమె.

హెడ్ సిస్టర్ మాట గుర్తుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఈమె అతన్ని పొగరుబోతనుకుంటుంది, ఏడ్చి వెళ్ళిపోతుంది, అంతే. కానీ మోకాలి మీద ఆ చిన్న చెయ్యి ఇంకా అలాగే ఉంది.

“మీ ఆయన్ని చంపిన క్రిమి నా కాల్లో ఉంది తల్లీ. ఈ చేతులతో కట్టు లాక్కుని, ఈ చేతులతోనే వాడికి గొరిగాను. నా నుంచి వచ్చిందో కాదో ఎవరూ తేల్చలేదు. నాకు మాత్రం నా నుంచే అనిపిస్తోంది.”

సిస్టర్ మాట ఎత్తలేదు. చేతులు తనవి కదా అనుకున్నాడు.

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు, కొడుతుందేమోనని కూడా. ఆమె సంచీ కింద పడేసి, పాప రెక్క పట్టుకుని గుంజుకుంటూ గోడవార కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. మోకాలి మీద వేసిన ఆ చిన్న చేతిని నీళ్ళ కింద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. అరచెయ్యి, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు. “అమ్మా, నొప్పి,” అని పాప ఏడుస్తున్నా వదల్లేదు. తర్వాత తన చేతులు రుద్దుకుంది, మళ్ళీ పాపవి.

అంత గట్టిగా, అంతసేపు చేతులు కడగడం ఆ ఆసుపత్రిలో అతడు అంతవరకూ ఎవరి దగ్గరా చూడలేదు.