ఖాళీ పళ్ళెం ముందు ఎల్లవ్వ

ఎల్లవ్వ చేతులు కడుక్కొని వచ్చి కూర్చుని అప్పటికి పావుగంట అయింది. ఎదురుగా తెల్లటి పింగాణీ పళ్ళెం ఖాళీగా ఉంది. దాన్ని ఒకసారి కొంగుతో తుడిచి, మాస్కు గడ్డం కిందికి లాగి, పెళ్ళిపందిట్లో వియ్యపురాలిలా నిటారుగా కూర్చుని వంటింటి తలుపు వైపు చూస్తోంది.

పక్కనున్న పెద్దకోడలు జమునకు ఏమీ తోచడం లేదు. అత్తను సూరత్‌లో మిల్లులుండే పాండేసర నుంచి ఇంత దూరం, ఈ వేసు వీధిలోకి తీసుకురావడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది. మామ సాంబయ్యతో చెప్పించింది, మోకాళ్ళ నొప్పికి ఆటో మాట్లాడింది, చివరికి "మీ చిన్నకొడుకు దుకాణం మూసేస్తున్నడు, ఒక్కసారన్న చూడరా" అని అసలు సంగతి బయటపెట్టింది. అది విన్నాక గాని ఎల్లవ్వ పెట్టెలోంచి చీర తీయలేదు.

ఆ మాట దాదాపు నిజమే. ఈ హోటల్ నడుస్తున్న దుకాణం యజమాని కేతన్‌భాయ్ మధ్యాహ్నం మూడింటికి వస్తున్నాడు. నెలాఖరుకు ఖాళీ చేస్తే ఒక మొబైల్ షాపువాళ్ళు సిద్ధంగా ఉన్నారట. చేస్తారా, చెయ్యరా? ఈ రోజు చిన్నకొడుకు వినోద్ ఆ జవాబు చెప్పాలి. తాళంచెవుల గుత్తి కౌంటర్ మీద పెట్టుకుని మరీ తిరుగుతున్నాడు.

వినోద్ ఏడేళ్ళు ఒక ప్రయాణికుల ఓడ మీద వంటవాడు. అదే ఓడ బేకరీలో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల రోవెనాను కరోనాకు ముందు ఏడాది పెళ్ళి చేసుకున్నాడు. ఓడలన్నీ లంగరు వేసి ఎవరి దేశానికి వాళ్ళను పంపేశాక, ఎన్ని కాగితాలు పట్టుకు తిరిగారో గాని, ఇద్దరూ సూరత్ చేరారు. రెండో వేవ్ తగ్గగానే ఈ హోటల్ తెరిచారు. పది బల్లలు, గోడవారగా పొడవాటి వడ్డన బల్ల, దాని మీద పన్నెండు గిన్నెలు, పన్నెండు గరిటెలు. ఎవరికి కావలసింది వాళ్ళు, ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు.

మొదటి వారాల్లో బాగానే నడిచింది. ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుకు వెళ్ళి, కరోనాతో ఇళ్ళకు వచ్చి ఆన్‌లైన్ క్లాసులు వింటున్న కుర్రవాళ్ళు అక్కడి వంటలను అడోబో, పన్సిట్ అని పేర్లు చెప్పి మరీ తినిపోయారు. తర్వాత తర్వాత కుటుంబాలు వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళడం మొదలైంది. కారణం ఏమిటో వినోద్‌కు అంతుబట్టలేదు. రుచి బాగాలేదా అంటే, తిన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. అసలు తినకుండానే పోతున్నవాళ్ళే ఎక్కువ.

జమునకు మాత్రం ఈ పావుగంటలోనే కారణం కనబడింది. డిగ్రీ చదివి పెళ్ళి చేసుకొచ్చిన నాటి నుంచి ఇరవై ఏళ్ళుగా వంటింట్లో ఏ చెంచా ఏ డబ్బాలో ఉండాలో ఆ డబ్బాలోనే ఉండాలని పట్టుబట్టే మనిషి ఆమె. ఇందాక ఒక కుర్రవాడు చేపల పులుసు పోసుకుని, ఆ గరిటెను పక్కనున్న గుమ్మడికాయ కూర గిన్నె మీద అడ్డంగా పెట్టి వెళ్ళాడు. అప్పుడే లోపలికి వచ్చిన గుజరాతీ కుటుంబంలోని ముసలమ్మ ఆ గరిటెను చూసింది. కొడుకుతో ఏదో అంది. నలుగురూ మూలబల్ల దగ్గర కూర్చుని, నీళ్ళు తాగుతూ, లేచిపోవడానికి మంచి సమయం కోసం చూస్తున్నారు. మరొకాయన గరిటె కాడకు కాగితం చుట్టి పట్టుకున్నాడు. ఎవరెవరి చేతులు పడ్డాయో తెలియని గరిటె, అందులోనూ ఈ రోజుల్లో!

"అత్తమ్మా, జర లేవుండ్రి. పోయి పెట్టుకుందాం" అంది జమున నాలుగోసారి.

"ఎక్కడికి పోవుడు?"

"గక్కడికే. గా బల్ల కాడికి."

"పిలిచినోళ్లు వడ్డించాలె గని, పిలిపించుకున్నోళ్లు గరిటె పడ్తరా?"

"పోని నేను తెచ్చిస్త."

"నువ్వు తెచ్చిస్తె తినేటందుకు నేనేమన్న మంచాన వడ్డనా?"

సాంబయ్యకు ఇలాంటి పట్టింపులు లేవు. ఆయన అప్పటికే రెండోసారి పళ్ళెం నింపుకొచ్చి, వేయించిన లుంపియా చుట్టలు కరకరా నములుతున్నాడు. "మస్తుగున్నయే. లేచి పెట్టుకో, ఎవలు జూస్తరు" అన్నాడు.

"నువ్వు తిను. నీకు మిల్లుల సాంచాల కాడ గంట కొట్టంగనే డబ్బా ఇప్పి తినుడు అలవాటు" అని ఎల్లవ్వ మూతి తిప్పుకుంది.

వినోద్ వచ్చాడు. తల్లి పళ్ళెం చూసి అతని మొహం మాడింది. "అవ్వా, గిదేంది? ఇక్కడ ఎవరిది వాళ్లే పెట్టుకోవాలె. సిస్టమే అది. గ్లౌస్ కూడ పెట్టిన సూడు."

"సూసిన. చేతికి సంచి తొడుక్కొని, పళ్ళెం వట్టుకొని లైన్ల నిలవడాలె. గట్ల ఎవలు నిలవడ్తరో నాకు తెల్వదా?"

"ఓడ మీద కరోడ్‌పతులు నిలవడ్తరు, తెలుసా!"

"ఆళ్లకు ఇంటికాడ అవ్వలు లేరు గావచ్చు."

మూలబల్ల దగ్గరి ముసలమ్మ ఇటు తిరిగి చూసింది. భాష తెలియకపోయినా తగువు అర్థమైనట్టే ఉంది. వినోద్ గొంతు తగ్గించి, "వదినా, ఎందుకు తీసుకొచ్చినవ్ యార్! ఆఖరి రోజులల్లన్న ప్రశాంతంగ ఉండనియ్యరా" అని కౌంటర్ దగ్గరికి వెళ్ళి, తాళంచెవులు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

జమున లేచి వంటింట్లోకి వెళ్ళింది.

రోవెనా పొయ్యి దగ్గర నిలబడి, తలుపు అద్దంలోంచి హాలు వైపే చూస్తోంది. మాస్కు పైన రెండు కళ్ళే కనబడుతున్నాయి, అవీ తడిగా ఉన్నాయి.

"నువ్వు పోయి వడ్డించవా?" అంది జమున.

రోవెనా తల అడ్డంగా ఊపింది. వినోద్ దగ్గర నేర్చిన తెలుగు, బజారులో నేర్చిన హిందీ కలిపి మాట్లాడుతుంది. "అత్తమ్మ నా చేతి అన్నం తినది, అక్కా. ఫస్ట్ డే, ఇంట్లో, నేను వడ్డించిన. అత్తమ్మ ఇట్ల పెట్టింది." పళ్ళెం మీద అరచెయ్యి అడ్డంగా పెట్టినట్టు చూపించింది. "నో అని. నేను సమజ్ గయీ. తర్వాత ఎప్పుడూ ఇవ్వలేదు. రెస్పెక్ట్."

 ఆ రోజు జమున కూడా అక్కడే ఉంది. అత్త చెయ్యి అడ్డం పెట్టడం, రోవెనా గిన్నెతో వెనక్కి తిరగడం రెండూ చూసింది. ఆ రాత్రి అత్త అన్న మాటా విన్నది: "ఒక్కపారి చెయ్యి వెడ్తె రెండోపారి అడుగకపాయె. ఎంత తెల్వని పిల్ల! పెట్టబుద్ధి గాలేదేమో." ఒకరు వద్దన్నారని ఒకరు, పెట్టలేదని ఇంకొకరు. ఇన్ని నెలలూ ఇద్దరి మధ్యా ఉన్నది ఇంతేనా! రోజూ గరిటెల లెక్క చూసే తనకు ఈ సంగతి తట్టలేదే అని తనమీద తనకే కోపం వచ్చింది.

"పిచ్చిదానా, అది వద్దనుడు కాదు" అంది జమున. "మా దిక్కు ఎవరైనా మొదటిసారి వద్దనే అంటారు. అడగంగనే పెట్టించుకుంటే ఆశపోతు అనుకుంటారని. చెయ్యి అడ్డం పెడ్తరు. నువ్వు ఆగొద్దు. ఇంకోసారి అడుగు. మూడోసారికి చెయ్యి వాళ్ళే తీస్తారు."

"తీయకపోతే?"

"చేతి మీద పొయ్యి!"

రోవెనా కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత మాస్కు లోపల నవ్వినట్టుంది. గిన్నెల కింద అలంకారానికని ఊరి బయటి కామ్‌రేజ్ నుంచి తెప్పించిన అరటాకులు ఒక మూల చుట్టిపెట్టి ఉన్నాయి. జమున ఒకటి తీసి, కడిగి, తుడిచింది. "పళ్ళెం తీసెయ్యి. ఇది వెయ్యి."

ఆకు చూడగానే రోవెనా కళ్ళు మెరిశాయి. "అక్కా, మా ఊళ్ళో కూడ! పండగకు పొడుగు బల్ల, బల్ల నిండా ఇదే ఆకు, అందరూ చేత్తో తినాలె. వినోద్‌కు చెప్పిన. సూరత్‌ల స్పూన్ కావాలె, హోటల్ లుక్ కావాలె అన్నడు."

"వినోద్‌కు ఏం తెలుసు" అంది జమున.

రోవెనా తలకు గుడ్డ సర్దుకుని, చిన్న స్టీలు బకెట్టులో అన్నం, ఇంకో దాంట్లో పులుసు పట్టుకుని హాల్లోకి వచ్చింది. వెనకాలే జమున. ఎల్లవ్వ ముందు పళ్ళెం తీసి ఆకు వేసింది రోవెనా. ఎల్లవ్వ గ్లాసులోని నీళ్ళు ఆకు మీద చిలకరించుకుంది.

"అత్తమ్మా, అన్నం?"

ఎల్లవ్వ అరచెయ్యి ఆకు మీదికి వచ్చింది. "ఒద్దొద్దు. ఆకలి లేదు."

రోవెనా జమున వైపు చూసింది. జమున కదలలేదు.

"కొంచెం, అత్తమ్మా."

"ఒద్దు బిడ్డా, పొద్దుగాల తిని వచ్చిన." చెయ్యి అక్కడే ఉంది, కాని వేళ్ళు దూరందూరంగా జరిగాయి.

రోవెనా ఊపిరి పీల్చుకుని గరిటె ముంచింది. వినోద్ కౌంటర్ దగ్గర నుంచి "అరే" అంటూ ముందుకు వచ్చేలోపు, వెల్లుల్లి వేసిన వేడి అన్నం ఆకు మీదికి దిగింది. అప్పటికే ఎల్లవ్వ చెయ్యి పక్కకు తప్పుకుని ఉంది.

"గింతెందుకు పెట్టినవ్" అంటూనే ఆమె అన్నం మధ్యలో గుంట చేసింది. రోవెనా అందులో చేపల పులుసు పోసింది. ఎల్లవ్వ కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద.

"చింతపండేనా ఇది?"

"అవును. సినిగాంగ్. మా అమ్మ చేస్తది."

"మీ అమ్మ కారం తక్కువ తింటది గావచ్చు" అంది ఎల్లవ్వ. "పులుపు మంచిగ వడ్డది. చామాకు కూరున్నదట గదా, మీ మామ తింటుండు. అది నాకు పెట్టవా?"

రోవెనా పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది.

అప్పుడు మూలబల్ల ముసలమ్మ చెయ్యెత్తింది. "బేన్, ఇధర్ భీ ఐసే దేనా, మాకూ ఇలాగే పెట్టు. గరిటె వేరేది ఉంటేనే" అని జమునతో హిందీలో అంది. "ఆ బల్ల మీదిది వద్దు."

జమున ఇక ఎవరినీ అడగలేదు. బయట పెట్టని గుమ్మడికాయ కూర వంటింట్లో మూతపెట్టిన గిన్నెలో ఉంది. కొబ్బరిపాలు పోసి వండిన కూర అది. దానికి కొత్త గరిటె వేసి, చేపల బకెట్టు మోసే మనిషి ఈ గిన్నె ముట్టకూడదని గట్టిగా చెప్పి, తానే పట్టుకుని వచ్చింది. నాలుగు ఆకులు వేసింది. మాస్కు సరిచేసుకుని, ఆకుకు జానెడు ఎత్తు నుంచి వడ్డించింది. ముసలమ్మ గరిటె వైపు, జమున చేతుల వైపు చూసి, కోడలికి తల ఊపింది. నలుగురూ తినడం మొదలుపెట్టారు.

కాగితం చుట్టి గరిటె పట్టుకున్నాయన "నాకూ ఆకు" అన్నాడు. డాక్టరు కుర్రవాళ్ళు తమ పళ్ళాలు పక్కకు నెట్టి ఆకులు అడిగారు. గుమ్మంలోంచి తొంగిచూసినవాళ్ళూ లోపలికి వచ్చి కూర్చున్నారు. వినోద్ కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. ఆ తర్వాత అన్నం బకెట్టు తీసుకోక తప్పింది కాదు.

"ఏయ్, తీపి ఏది? తీపి ముందుగాల వెట్టాలె. ఆఖరికి వెట్టుడేంది?" అని కూర్చున్నచోటి నుంచే ఎల్లవ్వ కేక వేసింది. "ఆ చివర పోరనికి అన్నం లేదు. వినోద్, ఎటు సూస్తున్నవ్? గా గరిటె కిందికి వట్టు, చిందుతది!"

"అవ్వా, నేను స్టార్ హోటల్ ట్రైనింగ్ చేసిన."

"చేసినవ్ తీ. ముందు గా ముసలామెకు నీళ్ళు పొయ్యి."

మూడింటికి కేతన్‌భాయ్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఖాళీ హోటలు చూడబోతున్నానని వచ్చిన మనిషికి ఏడు బల్లల మీద ఆకులు, మధ్యలో బకెట్లు పట్టుకుని తిరిగే ముగ్గురు కనబడ్డారు. వినోద్ బకెట్టు కింద పెట్టి, కౌంటర్ మీది తాళంచెవుల వైపు నడిచాడు.

"ఎవలాయన? నిలవడ్డడేంది?" అంది ఎల్లవ్వ.

"దుకాణం సేఠు, అవ్వా. జవాబు కోసం వచ్చిండు."

"జవాబు తర్వాత. బంతి నడవంగ మనిషిని నిలవెడ్తరా?" అని ఆమె ఆయన వైపు తిరిగి, ఖాళీ కడుపుతో మాటలొద్దని తనకు వచ్చిన హిందీలో గట్టిగా చెప్పింది. "బైఠో భాయ్, బైఠో. ఖాళీ పేట్ బాత్ నై కర్నా."

అంత పెద్దావిడ చెప్పాక కేతన్‌భాయ్ కూర్చోక ఏం చేస్తాడు? జమున ఆయనకు ఆకు వేసి, ఆయన పక్కా శాకాహారి అని అడిగి తెలుసుకుని, గుమ్మడికాయ కూర, అన్నం, బెల్లం పాకంలో ఉడికిన బియ్యం తీపి పెట్టింది. ఆయన ముందు మొహమాటంగా, తర్వాత మామూలుగా తిన్నాడు. మూలబల్ల ముసలమ్మ ఆయనకు తెలిసినామే అయింది. వచ్చే ఆదివారం మా వేవాయిలను, అంటే వియ్యాలవారిని, తీసుకొస్తాను, ఇలాగే వడ్డిస్తారు కదా అని ఆమె జమునను అడుగుతుంటే ఆయన విన్నాడు.

"వినోద్‌భాయ్" అన్నాడు, వేలికంటిన పాకం నాకి, "మొబైల్‌వాళ్ళకు నేను చెప్పుకుంటాను. ఉత్తరాయణ్ పండగ దాకా, అదే మీ సంక్రాంతి దాకా చూడు. అప్పటికీ ఇట్లాగే నిండితే ఇక ఆ మాటే ఎత్తను. లేకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం."

 వినోద్ తాళంచెవుల గుత్తి తీసి, గోడకున్న పాత మేకుకు తగిలించాడు. తర్వాత వడ్డన బల్ల దగ్గరికి వెళ్ళి, గిన్నెల్లోని గరిటెలు ఒక్కొక్కటే ఏరుకుంటూ లోపలికి తీసుకుపోయాడు. చేపల గరిటెను విడిగా పట్టుకోవడం జమున గమనించింది.

రోవెనా తీపి గిన్నెతో మళ్ళీ వచ్చింది. కేతన్‌భాయ్ రెండు చేతులూ ఆకు మీద పెట్టి, పొట్ట చూపించి, "బస్, బేన్, బస్! సచ్‌ముచ్ బస్" అన్నాడు.

రోవెనా జమున వైపు చూసింది. ఈయన నిజంగానే వద్దంటున్నాడు, ఆ మాట చెప్పాలని జమున నోరు తెరిచింది. కాని ఎల్లవ్వ ముందే అందుకుంది.

"ఆగినవేంది బిడ్డా? పెట్టు, పెట్టు!"

గరిటె నిండా తీపి కేతన్‌భాయ్ వేళ్ళ మీదికి దిగింది.