సరే, మీ ఇష్టం

ముప్ఫై ఆరేళ్లు ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరైన ఆవిడను అందరూ పెద్ద నర్సు అనేవారు. ఆవిడ తన జ్ఞాపకాలను పుస్తకంగా రాసింది. దాన్ని సరిదిద్దే పని ప్రచురణ సంస్థలోని ఎడిటరు చేతికి వచ్చింది. ఎడిటరు పెన్సిలుతో మార్జిన్లో సందేహాలు రాసి పంపేది. పెద్ద నర్సు నీలం సిరాతో జవాబులు రాసి తిప్పి పంపేది. జవాబులంటే పోట్లాటలే.

"నా కామా జోలికి రాకు తల్లీ, అక్కడ నేను ఊపిరి తీసుకున్నాను" అని ఒకచోట. "కత్తెర నీదే కానీ కడుపుకోత నాది" అని ఇంకోచోట. ఎడిటరు నవ్వుకుంటూ సగం ఒప్పుకునేది, సగం పట్టుబట్టేది. రెండు విడతలు అలా గడిచేసరికి రాత తేటపడింది.

అందులో పదకొండో అధ్యాయం మాత్రం ఎడిటరుకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక డాక్టరు పొరపాటున వేరే ఇంజక్షను ఇవ్వడం, బాలింత చనిపోవడం, రికార్డు మార్చేయడం అందులో ఉన్నాయి. ఆ డాక్టరు ఎవరని ఆమె పెద్ద నర్సును ఫోన్లో అడిగింది.

"నా తోడబుట్టినవాడే తల్లీ. పేరు రాయను, సంగతి మాత్రం రాస్తాను."

ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు ముదిరి, చూసుకునేవాళ్లు వేరే లేక ఆవిడ ఆ తమ్ముడింటికే చేరింది. మూడో విడత కాగితాలు అక్కడినుంచే వచ్చాయి. ఎడిటరు కవరు విప్పింది. ఆమె రాసిన సందేహాలు నలభై మూడు. అన్నింటికీ ఒకటే జవాబు: "సరే, మీ ఇష్టం."

మొదట హమ్మయ్య అనుకుంది. ఇరవై ఏడో సందేహం దగ్గర ఆమె వేలు ఆగింది. "ఆ రోజు మీరు వార్డుకు వెళ్లింది పొద్దునా, సాయంత్రమా?" అని తను అడిగింది. దాని కింద కూడా "సరే, మీ ఇష్టం" అనే ఉంది. దస్తూరీ ఆవిడదే, కానీ అక్షరాలు జారిపోతున్నాయి. ఎడిటరుకు అనుమానం వచ్చింది. గబగబా పేజీలు తిప్పింది. పదకొండో అధ్యాయం లేదు. తర్వాతి పేజీల అంకెలు నీటుగా దిద్ది ఉన్నాయి.

ప్రచురణ సంస్థ యజమాని తేలిగ్గా తీసుకున్నాడు. "రచయిత్రే ఒప్పుకుంది కదమ్మా. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే. ఇంకేం కావాలి?"

"ఆ వైద్యుడంటేనే నాకు భయం సార్."

రెండు రోజుల్లో నాలుగుసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ డాక్టరే ఎత్తి, "అక్క పడుకుందండీ" అన్నాడు. పొద్దున పదకొండుకూ అదే మాట, సాయంత్రం నాలుగుకూ అదే మాట.

మూడోరోజు మధ్యాహ్నం, సంతకం కావాలనే సాకుతో ఎడిటరు ఆ ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తు. డాక్టరు నవ్వుతూ తలుపు తీశాడు. లోపలి గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. పెద్ద నర్సు కుర్చీలో ఒక పక్కకు వాలి ఉంది. ఎడిటరును చూసినా గుర్తుపట్టినట్టు లేదు.

"మతిమరుపు మొదలైంది. వయసు కదా" అన్నాడు డాక్టరు. ఆయన అక్కడినుంచి కదల్లేదు.

"సంతకానికి ముందు ఒక పేజీ చదివి వినిపించాలండీ, మా రూలు" అని ఎడిటరు కాగితం తీసింది. చదువుతూ చదువుతూ, కావాలనే ఒక వాక్యం తిరగేసింది. "బిడ్డ ఏడవగానే బొడ్డు కోసి, తర్వాత ముడి వేశాను."

పెద్ద నర్సు కనురెప్పలు కదిలాయి. పెదవులు మాట కోసం తడుముకున్నాయి.

"తప్పు... ముందు ముడి. తర్వాతే కోత."

ఎడిటరుకు అర్థమైంది. మతి ఎక్కడికీ పోలేదు, మందు కింద నలుగుతోంది.

"మాత్రలు నాలుగు... పొద్దున నాలుగు. నాకొద్దు" అంది ఆవిడ.

"చూశారా, కలవరిస్తోంది" అన్నాడు డాక్టరు. అదే మెత్తటి గొంతుతో అడిగాడు. "పాత ప్రతి మీ దగ్గర ఉండాలే? పదకొండో అధ్యాయం ఉన్నది."

అది ఆమె భుజానున్న సంచిలోనే ఉంది. "కొత్తది రాగానే పాతది చింపేస్తామండీ" అంది. కాగితం మడిచి లేచింది.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. వీధి మలుపులో నిలబడి అంబులెన్సుకు ఫోన్ చేసింది. "పెద్దావిడకు నిద్రమాత్రలు ఎక్కువ ఇస్తున్నారు. పోలీసులకు కూడా చెప్పండి."

"ఇరవై నిమిషాలు పడుతుందమ్మా."

తలెత్తి చూసింది. మూడో అంతస్తు కర్టెను అప్పుడే మూసుకుంది. ఆయన తనను చూశాడు. ఇరవై నిమిషాల్లో ఇంకో నాలుగు మాత్రలు మింగించలేడా? కాళ్లు బస్టాపు వైపు లాగుతున్నాయి. అయినా వెనక్కి తిరిగి మెట్లెక్కి బెల్లు కొట్టింది.

"అసలు సంతకమే మర్చిపోయానండీ. ఇంకో అధ్యాయం కూడా చదవాలి."

డాక్టరు ఆమెను లోపలికి రానిచ్చి తలుపు గడియ పెట్టాడు. ఆ చప్పుడు విని కూడా ఎడిటరు కుర్చీ దగ్గరికి నడిచింది. పెద్ద నర్సు పక్కన కూర్చుని చదవసాగింది. అక్షరాలు అలుక్కుపోతుంటే జ్ఞాపకం మీద చెప్పింది. ఆ పుస్తకం అప్పటికే ఆమెకు కంఠతా వచ్చు.

డాక్టరు గ్లాసుతో నీళ్లు, చిన్న గిన్నెలో మాత్రలు తెచ్చాడు. "అక్క మందు వేళయింది."

ఎడిటరు పేజీ తిప్పబోతున్నట్టు చెయ్యి విసిరింది. గ్లాసూ గిన్నే నేలపాలయ్యాయి. "అయ్యో, క్షమించండి."

ఆయన నవ్వడం మానేశాడు. "ఎవరికి ఫోన్ చేశారు?"

"మా ఆఫీసుకండీ."

"సంచి ఇటివ్వండి."

ఆమె సంచిని పొట్టకు అదుముకుంది. ఆయన ఒకడుగు ముందుకు వేశాడు. అప్పుడే కుర్చీలోంచి ఒక బక్కచెయ్యి లేచి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఎంత గుంజుకున్నా వదల్లేదు. కింద సైరను వినిపించింది. డాక్టరు మంచం అంచు మీద కూలబడ్డాడు. ఎడిటరు పరుగెత్తి గడియ తీసింది.

రక్తపరీక్షలో మందు బయటపడింది. డాక్టరు మీద కేసు పెట్టారు, పాత సంగతి కూడా తవ్వుతున్నారు. ఎడిటరుకు చాలారోజులు గడియ చప్పుడు వింటే చెమటలు పట్టేవి.

ఆసుపత్రిలో నాలుగోరోజున పెద్ద నర్సు లేచి కూర్చుని, పదకొండో అధ్యాయం అడిగి తీసుకుంది. చివర ఒక వాక్యం చేర్చింది: "ఆ దొంగ రికార్డు మీద రెండో సంతకం నాది."

ఎడిటరు దాన్ని రెండుసార్లు చదివింది. "అమ్మా, ఇది అచ్చయితే కేసు మీ మీదికీ వస్తుంది."

"తెలుసు తల్లీ. వాడికి నేనంటే ఎందుకంత భయమో, నాకు వాడంటే ఎందుకంత భయమో ఈ ఒక్క వాక్యమే చెబుతుంది. ఇన్నాళ్లూ ఇద్దరం ఒకరి నోరు ఒకరం నొక్కుకుని బతికాం." ఆవిడ కాగితాన్ని ఎడిటరు వైపు జరిపింది. "రాత బాగుందా, లేదా? అది చెప్పు."

"బాగుందమ్మా" అంది ఎడిటరు. ఆ వాక్యాన్ని పెన్సిలుతో తాకలేదు.