బీడీల గదిలో నిమిషం నిశ్శబ్దం

నేను ఒక సౌండ్ రికార్డర్‌ను. అరచేతిలో ఇమిడిపోతాను, నా పగ మాత్రం ఇమడదు. నన్ను ఎవరో ఆన్ చేయకముందు జరిగినవేవీ నాకు తెలియవు. ఊహ తెలిసేసరికి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ప్రసార మాధ్యమాల విభాగంలో ఉన్నాను. ముప్పైమంది విద్యార్థులకు నేనొక్కదాన్నే. వంతులేసుకుని తీసుకెళ్లేవారు. మనుషుల మాటల్లో సగం దగ్గులూ సణుగుళ్లేనని అప్పుడే అర్థమైంది.

విభాగాధిపతి వామన్‌రావు సార్. ఆయన చెప్పిన పాఠాల్లో పనికొచ్చింది ఒక్కటే. "ఏ గదిల రికార్డు చేసినా, చివరికి నిమిషం సేపు ఆ గది నిశ్శబ్దం గూడ పట్టుకోవాలె. ఎడిటింగ్‌ల మాటల నడుమ సందులు పూడ్చేది అదే. నిమిషం అయినంక ఊరి పేరు, మీ పేరు చెప్పుండ్రి" అనేవారు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నవనీత అనే విద్యార్థిని నన్ను భీంగల్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది. వాళ్లమ్మ గంగమణి బీడీలు చుడుతుంది. ముప్పై ఏళ్ల నడుంనొప్పి గురించి, తునికాకు వాసనకు అన్నం సహించని రోజుల గురించి ఆమె చెప్పిందంతా విన్నాను. చివర నవనీత "అమ్మా, ఒక్క నిమిషం సప్పుడు చెయ్యకు" అంది.

"ఊకె కూసునుడు నాకు రాదు బిడ్డా" అంటూనే గంగమణి కత్తెర పక్కన పెట్టింది. ఫ్యాను కిరకిర తప్ప ఏమీ లేదు. నిమిషం గడిచాక నవనీత గొంతు: "భీంగల్. అమ్మ గది నిశ్శబ్దం. రికార్డు చేసింది నవనీత."

డాక్యుమెంటరీ చూసి సార్ మొహం చిట్లించారు. "ఇది పాసయ్యే సరుకు కాదు. ఫైళ్లన్ని నాకిచ్చి, ఇంకోటి చేసుకో పో" అన్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను బల్ల మీదే ఉండిపోయాను. తలుపు మూసుకుందో లేదో, ఆమె పేరున్న చోటల్లా చెరిపి సార్ తన పేరు పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా అంతట నేను అరవలేను కదా!

గంగమణి మాటలకు ముందూ వెనకా తన గంభీర వ్యాఖ్యానం తగిలించారు. తన పేరు, డిగ్రీలు, కృతజ్ఞతలు నిమిషం పైగా నడిచే చివరి చోట సంగీతం పెట్టే ఓపిక లేక, ఆ గది నిశ్శబ్దాన్ని మొదటినుంచి చివరిదాకా తెచ్చి అతికించారు. నిశ్శబ్దాన్ని కూర్చుని ఎవరు వింటారు? ఆయనా వినలేదు. నేను కాచుకుని కూర్చున్నాను.

విభాగం వార్షికోత్సవం నాడు ఆడిటోరియం కిక్కిరిసింది. నవనీత తన తల్లిని కూడా తెచ్చుకుంది. సభను రికార్డు చేయడానికి నన్ను వేదిక మీద పెట్టారు. సార్ డాక్యుమెంటరీ ముగిసింది. తెర మీద ఆయన పేరు పడింది. చప్పట్లు మోగి ఆగాయి. సార్ శాలువా కోసం భుజాలు సవరించుకుంటున్నారు. తెర మీద కృతజ్ఞతలు ఇంకా నడుస్తున్నాయి, వాటి వెనక గంగమణి గది ఫ్యాను కిరకిర. అంతలో స్పీకర్లన్నీ ఒక్కసారిగా అన్నాయి: "భీంగల్. అమ్మ గది నిశ్శబ్దం. రికార్డు చేసింది నవనీత."

"రికార్డర్ పాతదండీ, ఏదో లోపం" అని సార్ వేలెత్తి నన్ను చూపించారు. నన్ను!

వెనక వరుసలో నవనీత లేచింది. "లోపం కాదు సార్. నిమిషం అయినంక పేరు చెప్పాలెనని మీరే నేర్పిండ్రు."

"ఆ ఫ్యాను మా ఇంట్లదే" అంది పక్కనే గంగమణి.

ముఖ్య అతిథిగా వచ్చినావిడ సార్ వైపు తిరిగి "ఏమంటారు?" అని అడిగింది. సార్ ఏమీ అనలేదు. నిండు సభలో ఒక్కరూ కదల్లేదు.

డాక్యుమెంటరీ నవనీత పేరుతో మళ్లీ పరీక్షకు వెళ్లి పాసైంది. పదవి ఊడిన సార్ పోతూ పోతూ నా మీద "పనికిరాదు" అని చీటీ అంటించి, స్టోరు గదిలో విరిగిన స్టాండ్ల కింద పడేయించారు. పడేయించనీ. ఆయన నిశ్శబ్దం నా దగ్గరే ఉంది, నిమిషం పదకొండు సెకన్లు. దాని చివర పేరు చెప్పాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆడిటోరియం. వామన్‌రావు సార్ నిశ్శబ్దం. రికార్డు చేసింది నేను.