ఎండాకాలం చెప్పని కథ

ఆరబెట్టడానికి మొక్కజొన్న గింజలు చెంచాతో ఒలుస్తున్నాను. కండెలు పక్కకి తోసి, నా మొగుడు వర్నన్ రికార్డరు పెట్టాడు. "తాబేలు కథ చెప్పు. శుక్రవారం మన భాష ఆఫీసులో ఇవ్వాలి," అన్నాడు, కాఫీ అడిగినంత తేలిగ్గా.

ఆగస్టు నెల. కాన్సాస్ నేల పెనంలా కాలుతోంది. ఆ కథ మంచు పడ్డాకే చెప్పాలి, నేల కింద పాములు నిద్రపోయాక; మెలకువగా ఉంటే అవి విని ఇంటి మీదికొస్తాయంటారు. మా పొటవాటమీ తెగలో పసిపిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. మా భాషకి పంతులైన నా మొగుడికి తెలియదా? గిన్నెలు తోముతూ నేను చెప్పే మాటల్నే ఆరేళ్లుగా మర్నాడు క్లాసులో పాఠం చెబుతున్నాడు. చలికాలాల్లో నా దగ్గర విన్న కథలు పదకొండు టేపులయ్యాయి. గొంతు అతనిది, అట్ట మీద పేరూ అతనిదే. మొన్నామధ్య విందులో ఎవరో నన్ను మెచ్చుకోబోతే, "ఆవిడకి వంటింటి మాటలు వచ్చులెండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మా భాష మాట్లాడినందుకు తెల్లవాళ్ల బడిలో సబ్బుతో నోరు కడిగించుకున్న మా అమ్మమ్మ, ఈ కథ నా చెవిలో చెప్పింది ఇందుకా?

"మంచు పడనీ," అన్నాను.

"అప్పటిదాకా ఎవరాగుతారు? నేలకి చెవులున్నాయా ఏంటి?"

గుమ్మంలో చిక్కుళ్లు తుంచుతున్న అత్తగారు అందుకుంది. "మొగుడికి పేరొస్తే నీ సొమ్మేం పోయిందే?"

"పోనీ మీరు చెప్పండి అత్తయ్యా, ఈ ఎండలో."

ఆవిడ మళ్లీ చిక్కుళ్లు తుంచడంలో పడింది.

"నీ బోడి సాయం ఎవడిక్కావాలి!" వర్నన్ మీట నొక్కి తనే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, వద్దురా!" అత్తగారు గిన్నె కింద పెట్టి లేచింది.

కథలో తాబేలు ఏటి దగ్గరికొచ్చింది. అక్కడ వర్నన్ ఆగిపోయాడు. ఆ కథ నేను మా అమ్మాయికి చెప్పిన రోజున సగంలో లేచి టీవీ ముందుకి వెళ్లిపోయాడు మరి. టేపు తిరుగుతోంది. అలవాటుగా నా వైపు చూశాడు. అలవాటుగానే నాకూ మాట పళ్లదాకా వచ్చింది. భయమేసింది, ఎక్కడ చెప్పేస్తానోనని. గట్టిగా నోరు మూసుకున్నాను.

"చెప్పవా? భాష చచ్చిపోతే ఆ పాపం నీదే!"

చేతులు తుడుచుకుని రికార్డరు ఆపేశాను.

"చావదు. మంచు పడ్డాక ఊళ్లో ఆడపిల్లలందర్నీ పిలిచి నేనే చెబుతాను, నా పేరు మీద. నువ్వూ రావచ్చు వర్నన్. వెనక కూర్చో."