సంగెన్ గుంటలో చారల చేపలు

మా తమ్ముడు సంగెన్‌కు దేవుడు నోరిచ్చి, బుద్ధి ఇవ్వడం మరిచిపోయాడు. ఊళ్ళో అందరూ ఏటి పక్కనే గుంటలు తవ్వుకుంటారు. వరదకు చేపలు వచ్చి పడతాయి, ఎండలకు నీళ్ళు తగ్గాక పట్టుకుంటారు. ఈ మహానుభావుడు మాత్రం ఎవరికీ వాటా ఇవ్వకూడదని అడవి లోపల, ఆకులు కుళ్ళి నీళ్ళు డికాక్షన్‌లా నల్లబడ్డ చోట తవ్వాడు. కూతురు కమెలొను చూడ్డానికి పెళ్ళికొడుకు దెహెన్ వాళ్ళు వచ్చేరోజు మొసలంత కొర్రమీను వండిస్తానని ఊరంతా చాటాడు.

తీరా గుంట తోడితే దొరికినవి చారల చేపలు. పిల్లి కూడా వాసన చూసి పోయే రకం. మా ఇంట్లో ఎండుచేపలున్నాయి, తెస్తానంటే పరువు పోతుందన్నాడు. ఉంటేగా పోవడానికి. మరదలు కళ్ళొత్తుకుంటూనే వాటిని పేము చిగుళ్ళతో పులుసు పెట్టింది. దెహెన్ అంటే కమెలొకు ప్రాణం. ఆ సంగతి మేనత్తను కాబట్టి నాకొక్కదానికే చెప్పింది.

దెహెన్ తల్లి గిన్నెలోకి చూసింది. కొర్రమీను ఎక్కడని అడగలేదు, అంత మర్యాదస్తురాలు. మా దగ్గర పెట్టిన తిండి వదిలేసి లేస్తే దారిలో పడవైనా తిరగబడుతుంది, పామైనా కరుస్తుంది. తినలేనివాళ్ళు వేలితో ముట్టి పెదాలకు తాకిస్తే చాలు, దోషం పోతుంది. ఆవిడ అదే చేసి లేచింది. పిల్లను చూడ్డానికొచ్చి ముట్టి లేచారంటే సంబంధం వద్దన్నట్టే. కమెలొ మొహంలో నెత్తురు చుక్క లేదు. సంగెన్ మాత్రం పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాడు.

"పదరా," అంది ఆవిడ కొడుకుతో.

దెహెన్ కదల్లేదు. పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు.

"నువ్వు పడవ దగ్గరుండమ్మా. నేను తినొస్తా."

తిన్నాడు. తలలు, ముళ్ళు, అన్నీ నమిలాడు. ఒక ముల్లు గొంతులో దిగి కళ్ళ వెంట నీళ్ళు కారినా ఆపలేదు. కమెలొ వచ్చి, ఎవరూ చెప్పకుండానే, మళ్ళీ వడ్డించింది. దానికీ కళ్ళు కారుతున్నాయి, ముల్లు లేకుండానే.

తల్లి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది. చూసి చూసి, వచ్చి చాప మీద కూలబడింది.

"నాకూ వెయ్యి వదినా. వీడొక్కడే ఎందుకు పడాలి ఈ శిక్ష?"

నన్ను వదినా అంది. వియ్యపురాలికి తక్కువ చేస్తానా, గిన్నెంతా కెలికి అన్నింట్లోకీ పెద్దది ఏరి వేశాను. చిటికెనవేలంత ఉంది.