మార్చు

రావమ్మకు మిగిలింది ఒక్కటే మాట. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయినప్పుడు నోట్లోని మాటలన్నీ కూడా వాటితోపాటే పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, చలి బాగా ముదిరిన రోజుల్లో, ఓ పొద్దున ఉన్నట్టుండి “మార్చు” అంది. ఆమె తమ్ముడు గోపాలకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు. అతని భార్య రమాసుందరి పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయి పరుగెత్తుకొచ్చి, “ఏం మార్చమంటావు వదినా?” అని అడిగింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. దుప్పటి మార్చారు. “మార్చు” అంది. ఎడమ పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టారు. “మార్చు” అంది. టీవీలో ఛానెళ్లన్నీ తిప్పారు, ఇడ్లీ మాని జావ పెట్టారు, మంచం అటుది ఇటు జరిపారు. డాక్టరును కూడా మార్చారు. కొత్త డాక్టరు, “మెదడులో ఆ ఒక్క మాటే మిగిలిందండీ, అన్నిటికీ అదే అంటారు, పట్టించుకోకండి” అన్నాడు. పట్టించుకోకుండా ఉండటం ఆయనకు తేలికే. పొద్దుట నుంచి పొద్దుపోయేదాకా ఆ మాట చెవిలో పడేది రమాసుందరికి కదా!

ఆమె తాముండే పటమటలోనే హైస్కూల్లో లెక్కల టీచరు. బడిలో అరిచి అరిచి ఇంటికొస్తే ఇక్కడ ఈ చాకిరీ. అయినా మొదట్లో అంత కష్టం తెలియలేదు, బేగం బీ ఉండేది కాబట్టి. బేగం బీది వన్‌టౌన్. పొద్దున్నే బస్సు దిగి వచ్చి, రావమ్మకు ఒళ్లు తుడిచి, తల దువ్వి, అన్నం తినిపించి, చీకటి పడే వేళకు వెళ్లేది. చేతిలో నెమ్మది ఉన్న మనిషి. రావమ్మ కూడా ఆమె చేత్తో పెడితేనే నాలుగు ముద్దలు ఎక్కువ తినేది.

అలాంటి బేగం బీని ఎందుకు మాన్పించారంటే, అదీ ఆ మాట వల్లే. రోజూ ఉతికిన బట్టలు ఆరేయడానికి బేగం బీ బాల్కనీ గుమ్మంలోకి వెళ్లేసరికి రావమ్మ ఎడమ చెయ్యెత్తి అటే చూపించి “మార్చు, మార్చు” అనేది. ఒకరోజు కాదు, రోజూ. గోపాలకృష్ణ పేపరు మడిచి, “అక్కకు ఈ ఆయా నచ్చలేదేమో. ఇంకొకర్ని చూద్దాం” అన్నాడు. చూడాల్సింది తను కాదు కాబట్టి ఆయన ఎంత మాటైనా అనగలడు. రమాసుందరికి మనసొప్పలేదు. కానీ కాదనడానికి ఆమె దగ్గర ఓపిక లేదు. బేగం బీని పక్కకు పిలిచి, “ఏమనుకోకు, వదినగారే మార్చమంటున్నారు” అని చెప్పేసింది. బేగం బీ చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

తర్వాత వచ్చిన ఆయాలు ఒక్కరూ నిలవలేదు. ఒకామెకు ఫోన్ చెవికి అతుక్కుపోయి ఉండేది, ఇంకొకామె చెప్పకుండానే మానేసింది. గోపాలకృష్ణకు నడుం పట్టేసి మనిషిని లేపలేకపోయాడు. చాకిరీ అంతా రమాసుందరి నెత్తిన పడింది. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయేది, తర్వాత ఏం రాయాలో తోచక.

శివరాత్రి వెళ్లి ఎండలు మొదలైన ఒక ఆదివారం, కింది వాటాలో ఉండే సుస్మిత మెట్లెక్కి వచ్చింది. “ఆంటీ, మీ మల్లెకుండీలో నీళ్లు పోస్తే మొత్తం మా బట్టల మీదకే కారుతున్నాయండీ. మూడుసార్లు జాడించాను” అంది. రమాసుందరికి ఒళ్లు మండింది. చూద్దామని బాల్కనీలోకి వెళ్లింది.

ఆ మల్లె రావమ్మది. పోస్టాఫీసు ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు తిరిగినా వెంట తీసుకుపోయింది. రమాసుందరికి మల్లెపూలు మాల కట్టడం వచ్చు గానీ మొక్క సంగతి తెలియదు. రోజూ ఒక చెంబు నీళ్లు పోసేది, అంతే. ఇప్పుడు చూస్తే ఆకులు పసుపెక్కి ఉన్నాయి. చిన్న చిన్న మొగ్గలు అక్కడక్కడా తొంగి చూస్తున్నాయి. మళ్లీ ఓ చెంబు పోసింది. పోసిన నీళ్లు పోసినట్టే అడుగునుంచి బయటికి వచ్చేశాయి. అడుగున పెట్టిన పళ్లెంలోంచి కుండీ ఎత్తుదామని పట్టుకుంటే కదల్లేదు. కింది చిల్లులోంచి వేళ్లు పాకి వచ్చి, పళ్లెం నిండా చుట్టుకుని, పళ్లేన్ని పట్టేసుకున్నాయి.

లోపలి నుంచి రావమ్మ మొదలుపెట్టింది. “మార్చు! మార్చు! మార్చు!”

“ఏం మార్చనమ్మా!” అని అరిచేసింది రమాసుందరి. వదినగారి మీద ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. “దుప్పటి మార్చా, మంచం మార్చా, డాక్టర్ని మార్చా! ఇంకేం మిగిలిందీ, నన్ను మార్చమంటావా? మార్చు, నాకూ హాయిగా ఉంటుంది!”

రావమ్మ నోరు మూసుకుంది. కానీ ఎత్తిన ఎడమ చెయ్యి దించలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న రమాసుందరి ఆ వేలు తనకేసే చూపిస్తోందనుకుంది. పక్కకు తప్పుకుంది. వేలు ఆమెతో పాటు తిరగలేదు. అలాగే గుమ్మం దాటి, తిన్నగా మల్లెకుండీ మీదికి పోయింది.

“కుండీయా?” అంది రమాసుందరి. “కుండీ మార్చమంటున్నావా వదినా?”

రావమ్మ తల ఊపింది. ఆపకుండా ఊపుతూనే ఉంది. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

రమాసుందరి అక్కడే గడప మీద కూలబడింది. చలి పోకముందే కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నేళ్లకోసారి కుండీ మార్చడం వదినగారి అలవాటని ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట వచ్చిందీ ఆ రోజుల్లోనే. సమయం మించిపోతోందని ఆ మనిషి మంచంలోంచి మొత్తుకుంటూ ఉంటే, తామంతా దుప్పట్లు మారుస్తూ కూర్చున్నారు. తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఆ వేలుకీ కుండీకీ నడుమ రోజూ తడిబట్టలు పట్టుకుని నిలబడిన పాపానికి బేగం బీ పని పోయింది.

ఫోన్ చేసింది. “బేగం బీ, పొరపాటైపోయిందమ్మా” అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. “వదినగారిని కుర్చీలో కూర్చోబెట్టాలి. నా ఒక్కదాని వల్ల కాదు. ఇవాళొక్కసారి వస్తావా?” అని అడిగింది. “నేను వేరే ఇంట్లో కుదిరానండీ” అంది బేగం బీ. మళ్లీ తనే, “ఎండ తగ్గాక వస్తాను” అంది.

ఎండ తగ్గాక ఇద్దరూ కలిసి రావమ్మను బాల్కనీలో కుర్చీలోకి చేర్చారు. బేగం బీ ఆమెను పలకరించలేదు. ముఖం కూడా సరిగా చూడలేదు. బేగం బీ వచ్చేలోపే రమాసుందరి నర్సరీకి వెళ్లి ఎర్రమట్టి, మాగిన పెంట, కొబ్బరి పొట్టు, రెండు కుండీలు తెచ్చింది. ఇన్నాళ్లూ చేసిన తప్పుకు పరిహారంగానో ఏమో, ఒకటి గంగాళమంతది కొన్నది. రావమ్మ దాన్ని చూసి ముఖం అటు తిప్పుకుంది. పాతదానికంటే నాలుగు వేళ్లు మాత్రమే పెద్దదైన రెండోదాన్ని ముట్టుకుని “మార్చు” అంది. పెద్దదాంట్లో నీరు ఆగిపోయి వేరు కుళ్లుతుందని రమాసుందరికి తర్వాత తెలిసింది.

మొదట రావమ్మ ఎడమచేత్తో మొగ్గల్ని తుంచడం మొదలుపెట్టింది. “అయ్యో వదినా, మొగ్గలు!” అంది రమాసుందరి. రావమ్మ వినలేదు. ఒక్కొక్కటే తుంచి ఒళ్లో వేసుకుంది. వేళ్లు కదిలిన మొక్క పూలను మోస్తూ తననూ నిలుపుకోలేదు. చలిలోనే మార్చి ఉంటే ఈ తుంచే పని ఉండేది కాదు. ఈ వేసవికి ఆ మల్లె పూలు లేనట్టే.

పాత కుండీ పగలగొట్టారు. లోపల మట్టి కనబడలేదు, కొబ్బరి పీచులా చుట్టలు చుట్టుకున్న వేళ్లే ఉన్నాయి. మధ్యలో ఎప్పటిదో నల్లరేగడి, రాయిలా బిగుసుకుపోయి. రావమ్మ పక్కన పెట్టుకున్న చాకు వైపు చూపించింది. “వేళ్లు కోస్తే చచ్చిపోదూ?” అని రమాసుందరి చెయ్యి వెనక్కి తీసుకుంది. రావమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసి, అడుగునున్న చుట్టల మీదికి చాకును నొక్కింది. కోసింది తనో వదినగారో రమాసుందరికి తెలియలేదు. ఆ తర్వాత అంతా “మార్చు”తోనే నడిచింది. గట్టిగా అంటే ఆగమని, సాగదీసి అంటే ఇంకాస్త మట్టి వెయ్యమని, మెల్లగా అంటే బాగుందని. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో ఆ మాట ఎవరికీ విసుగు పుట్టించకపోవడం అదే మొదలు.

నిండా నీళ్లు పోసి కుండీని నీడకు జరిపారు. బేగం బీ చేతులు కడుక్కుని, “బస్సుకు టైమయ్యిందండీ” అంది.

“రేపట్నుంచి వస్తావా?” అని అడిగింది రమాసుందరి. “నా వల్ల కావట్లేదు బేగం బీ. ఒట్టు, నా వల్ల కావట్లేదు.”

“మీరు అడిగితే ఏం లాభమండీ?” అంది బేగం బీ. “మీరు పొమ్మంటే ఇంత బాధపడేదాన్ని కాదు. పెద్దమ్మగారే మార్చమన్నారని చెప్పారు. నా చేతి ముద్ద తిన్న మనిషి నన్ను వద్దన్నారనుకుని ఎన్ని రోజులు ఏడ్చానో! కుండీ సంగతి మీరు చెప్తున్నారు. ఆవిడ చెప్పొద్దా?”

అడగకూడని మనిషిని అడిగింది పాపం. రమాసుందరి భయంగా వదినగారి వైపు చూసింది. ఆమె నోరు తెరిస్తే వచ్చేది ఒక్కటే మాట. అదిగానీ ఇప్పుడు వచ్చిందా, బేగం బీ మళ్లీ ఈ గడప తొక్కదు.

రావమ్మ పెదవులు కదిలాయి. ఏదో వెతుక్కుంటున్నట్టు గొంతులో నరాలు బిగిశాయి. మాట నాలుక చివరికి వచ్చేసింది, “మా...” వరకు వినబడింది కూడా. చటుక్కున మట్టి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అలాగే గట్టిగా అదిమి పట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ, బేగం బీ కళ్లలోకే చూస్తూ కూర్చుంది.

బేగం బీ భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టింది. చెంగు తడిపి, ఆ చెయ్యి మెల్లగా దింపి, రావమ్మ మూతికి అంటిన మట్టి తుడవసాగింది.